ఎడమ వెనక టైరు

ఎడమ వెనక టైరు మళ్ళీ కూర్చుంది.

గడ్డి కోసే బండి ఆసుపత్రి పచ్చిక నడిమధ్యలో ఒక పక్కకి ఒరిగి ఆగిపోయింది. సగం గడ్డి నున్నగా ఉంది, సగం పిక్కల దాకా ఉంది. తోటమాలి సీటు దిగి, బండి చుట్టూ కాలు కాలిన పిల్లిలా తిరిగాడు.

పదకొండయింది. నాలుగింటికి మేనేజరు వస్తాడు.

నిన్ననే చెప్పేశాడు మేనేజరు. "వారంలో మూడుసార్లు బండి ఆపావు. అడిగితే టైర్లంటావు. ఆడలేక మద్దెల ఓడన్నాడట నీలాంటివాడే. రేపు కొత్తవాణ్ణి రమ్మన్నాను. నాలుగింటికి గడ్డి మొత్తం కోసి ఉంటే నువ్వుంటావు. లేదా, ఎల్లుండి నుంచి అతనే."

టైర్లు మార్చమని తోటమాలి మూడు అర్జీలు పెట్టాడు. వాటినెవరు చదివారు గనక? పద్నాలుగేళ్ళ ఉద్యోగం వచ్చి వచ్చి గాలి లేని టైరు మీద ఆగింది.

పంపు తెచ్చి గాలి కొట్టడం మొదలుపెట్టాడు.

"అది నిలవదు తమ్ముడూ."

తలెత్తి చూశాడు. బెంచీ మీద యాభై దాటిన మనిషి. ఒళ్ళో గుడ్డసంచి, చేతిలో కాగితాల కవరు. లోపల ఎవరినో చేర్పించి వచ్చి కూర్చున్న బాపతు. రోజుకి పాతికమంది ఉంటారు అలాంటివాళ్ళు, అందరి దగ్గరా సలహాలే.

"మీ పేషెంటు సంగతి మీరు చూసుకోండి," అన్నాడు తోటమాలి.

ఆ మనిషికి కోపం రాలేదు. లేచి వచ్చి టైరు ముందు గొంతుక్కూర్చున్నాడు. ఒక డబ్బాలో సబ్బునీళ్ళు అడిగి తెప్పించుకుని టైరు మీద పోశాడు. పక్కంతా నెర్రెలు. ఒక్కో నెర్రెలోంచీ సన్నగా బుడగలు లేచాయి.

"మేకేం గుచ్చుకోలేదు. ఎండకి రబ్బరు చచ్చింది. లోపల ట్యూబు వేస్తే ఇవాళ్టికి గట్టెక్కుతావు."

"ట్యూబు ఎక్కడ ఏడ్చింది ఇక్కడ?"

"షెడ్డు మూల చెత్త లాగే పాత బండి పడుంది కదా. దాని చక్రమూ ఇంతే సైజు, లోపల ట్యూబుంది."

పేషెంటు తాలూకు మనిషికి షెడ్డులో ఏం పనో అడిగే తీరిక తోటమాలికి లేదు. పరుగెత్తి ఆ చక్రం పట్టుకొచ్చాడు.

ఇద్దరూ బండి కింద ఇటుకలు పెట్టి టైరు ఊడదీశారు. ఆ మనిషి చేతులు చకచకా కదులుతున్నాయి. తోటమాలి కళ్ళు మాత్రం గేటు మీదే ఉన్నాయి.

గేటు దగ్గర ఇస్త్రీ చొక్కా కుర్రవాడొకడు మోటారు సైకిలు ఆపి, పచ్చిక వైపు తేరిపార చూశాడు.

"వాడే. నా కంచంలో కూడు లాక్కోవడానికి వచ్చాడు," అన్నాడు తోటమాలి పళ్ళు కొరుకుతూ.

"కొత్తవాడా?"

"ఆఁ. ఒకడి పొట్ట కొట్టి తింటే వాడికి అరుగుతుందా, చెప్పన్నా?"

ఆ మనిషి చేతిలో పని ఆపి గేటు వైపు చూశాడు. "అరగదులే," అన్నాడు. "మీ మేనేజరు ఏమంటాడు?"

"ఆడలేక మద్దెల ఓడంటున్నానట."

ఆ మనిషి మొదటిసారి నవ్వాడు. పాత రబ్బరు ముక్క కోసి నెర్రెలకి లోపలి నుంచి అడ్డు పెట్టి, దాని మీద ట్యూబు సర్ది, టైరు బిగించాడు. గాలి కొట్టారు. టైరు నిలబడింది.

"మీరేం చేస్తుంటారు?" అన్నాడు తోటమాలి సీటెక్కుతూ.

"ఎనిమిది నెలలుగా ఖాళీ."

"అదృష్టవంతులు. ఎవడికీ భయపడక్కర్లేదు."

ఆ మనిషి చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. "మిట్ట మీద అడ్డంగా తోలకు. అరిగిన టైరు జారుతుంది. నిలువుగా ఎక్కించు, నిలువుగా దించు."

తోటమాలి సగమే విన్నాడు. బండి అప్పటికే కదిలింది. వచ్చిన ప్రతి చుట్టులోనూ బెంచీ మీద ఆ మనిషి కనిపించాడు. మిట్ట మీద గడ్డి కూడా అయిపోయాక చూస్తే, బెంచీ ఖాళీగా ఉంది.

సరిగ్గా నాలుగింటికి మేనేజరు వచ్చాడు. పచ్చిక ఈ చివర నుంచి ఆ చివరికి నడిచి చూశాడు. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు.

"సరే, ఉండు," అన్నాడు. "టైర్లు కూడా తెప్పిస్తాను."

తోటమాలికి పోయిన ప్రాణం లేచొచ్చింది. "మరి ఆ కొత్తవాడు సార్? ఇస్త్రీ చొక్కా?"

"వాడు లిఫ్టు బాగుచేసేవాడు. కొత్తవాడు పొద్దున తొమ్మిదింటికే వచ్చాడు. షెడ్డూ బండీ చూసుకో పొమ్మన్నాను. ఇందాక వచ్చి, నాకీ ఉద్యోగం వద్దండీ అన్నాడు."

"వద్దన్నాడా?"

"నిన్న నా కాళ్ళావేళ్ళా పడ్డవాడు! పైగా నాకే సలహా. మీ మనిషికి పని వచ్చు, ఈసారి మద్దెల నిజంగానే ఓడు, అది మార్చండి అని. ఇదిగో, వాడి దరఖాస్తు. పారెయ్."

తోటమాలి కవరు అందుకున్నాడు. దాని మీద టైరు మసి అంటిన నాలుగు వేళ్ళ గుర్తులున్నాయి.

కాగితం బయటికి తీశాడు. 'ప్రస్తుతం చేస్తున్న పని' అన్నచోట, గుండ్రటి అక్షరాలతో, 'ఎనిమిది నెలలుగా ఖాళీ' అని రాసి ఉంది.