హాల్లో ముద్దాయి

ఆ సైనికుడు ఇవాళ కూడా హైమ భర్త శశిభూషణ్ కుర్చీలోనే ప్రత్యక్షమయ్యాడు. మనిషి కాదు, వెలుగుబొమ్మ. అసలువాడు పరాయి దేశపు కోర్టు బోనులో ఉన్నాడు. శశిభూషణ్‌లాగా యుద్ధంలో చనిపోయిన విలేఖరుల ఇళ్ళకు విచారణను ఇలా పంపుతున్నారు, ఏ కుర్చీ ఖాళీగా ఉంటే అందులోకి.

"నా కొడుకు కుర్చీలోంచి వాణ్ణి లేపవే హైమా," అంది చెవులు సరిగ్గా వినపడని అత్తయ్య.

"ఫిర్యాదు పెట్టాను అత్తయ్యా, పరిశీలిస్తున్నారట," అని గట్టిగా చెప్పి, హైమ వాడి కాళ్ళలోంచే చీపురు పోనిచ్చింది.

"కాల్చమన్నది మీరేనా?" కోర్టులోంచి జడ్జి గొంతు అడిగింది.

"నేనేమీ అనలేదు. కెమెరాలవాళ్ళను కాల్చనా అని డ్రోనే అడిగింది. పది సెకన్లలో వద్దనకపోతే సరే అన్నట్టు లెక్క. నేను టీ తాగుతున్నాను."

హైమకు ఒళ్ళు మండిపోయింది. అంతలో వంటింట్లో పాలు పొంగాయి. స్టవ్ కట్టేస్తుంటే హాల్లోంచి కోర్టు గొంతు వినబడింది.

"ముద్దాయిని విడిచిపెట్టి స్వదేశానికి పంపేయమని అతని ప్రభుత్వం కోరుతోంది. బాధిత కుటుంబానికి అభ్యంతరముంటే పది సెకన్లలో చెప్పాలి."

"వద్దు, వద్దు," అంటూ హైమ మసిగుడ్డతోనే పరుగెత్తుకొచ్చింది.

"గడువు ముగిసింది. మీ సమ్మతి నమోదైంది."

కుర్చీ ఖాళీ అయింది. అత్తయ్య మొహం విప్పారింది.

"నీ ఫిర్యాదు పనిచేసిందే, లేచాడు."