ఉప్పు వారంలో ఆవకాయ

అప్పటికి దేశంలో ప్రతి వంటింటి అల్మరాకూ మాటలొచ్చాయి, మాటలతోపాటు దేశభక్తీ వచ్చింది. వారంలో ఏ చారిత్రక దినం పడినా ఇంటిల్లిపాదీ దాన్ని పాటించేలా చూడటం దాని పని. ఏప్రిల్ మొదటి వారం ఉప్పు సత్యాగ్రహానిది. సముద్రపు ఒడ్డున చినగంజాంలో సూరమ్మ ఆ సంగతి మరిచిపోయి, పొద్దున్నే మామిడికాయలు కొట్టించి, ముక్కల్లో ఆవపిండీ కారమూ పోసి కూర్చుంది. ఉప్పు తీయబోతే అల్మరా తలుపు రాలేదు.

“ఉప్పు కోసం మన పెద్దలు పడ్డ కష్టాన్ని తలుచుకుందాం అమ్మగారూ. ఆదివారం దాకా ఉప్పు ఇవ్వను.”

“సాయంత్రానికి ముక్కలన్నీ పాడైపోతాయిరా నాయనా!”

“చట్టం చట్టమేనండీ.”

“ఆనాడు తెల్లదొర కూడా ఇదే అన్నాడు. మా ఊరోళ్లు విన్నారా?” అంటూ సూరమ్మ కొంగు బిగించింది.

“ఎక్కడికి అత్తయ్యా?” అంది కోడలు ఇందుమతి కంగారుగా.

“సముద్రానికి. నువ్వూ బిందె తే.”

మధ్యాహ్నానికి పెరట్లో రాళ్లపొయ్యి మీద అండాలో సముద్రపు నీళ్లు కుతకుతలాడుతున్నాయి. అందరి ఆవకాయలూ ఆగిపోయి ఉన్నాయేమో, వీధి వీధంతా బిందెలతో వచ్చి చేరింది. నీళ్లు ఇగిరి అడుగున తెల్లగా ఉప్పు పేరుకునేసరికి వంటింట్లో అల్మరా గంట గణగణా మోగింది.

“ఈ దినాన్ని సరిగ్గా పాటించిన మొదటి ఇల్లు మీదే! తలుపు తీశాను, ఉప్పు తీసుకోండి అమ్మగారూ.”

సూరమ్మ తన ఉప్పు ముక్కల్లో కలుపుతూ అటు చూడనైనా లేదు.

“నీ ఉప్పు నువ్వే ఉంచుకో. వచ్చే వారం ఏ దినమో ఇప్పుడే చెప్పి చావు, ఆ సామానేదో ముందే దాచుకుంటాను.”