కాస్త పక్కకి జరుగు తమ్ముడూ

"తమ్ముడూ, కాస్త పక్కకి జరుగు. ఫోటోలో పడుతున్నావు."

ఆ కుర్రాడు జరిగాడు. ఆమె మీట నొక్కింది.

కెమెరా పాతది, నాన్నది. ఛాతీ దగ్గర పట్టుకుని, తల వంచి, పైనున్న అద్దంలోకి చూస్తూ తీయాలి. రీలుకి పన్నెండే ఫోటోలు. ఆ రకం రీలు ఇప్పుడు దొరకడమే గగనం. ఊరంతా గాలిస్తే ఒక్కటి దొరికింది.

నాన్న ఈ కొండకే వచ్చాడు. ముప్పై ఎనిమిదేళ్ళ కిందట, ఆమె ఇంకా పుట్టకముందు. మళ్ళీ తిరిగి రాలేదు. రెండు కెమెరాల్లో ఒకటి ఆయనతోనే పోయింది. ఇది ఇంట్లో మిగిలింది.

ఇంటి గోడల నిండా ఆయన తీసిన కొండలే. ఆయన మొహం మాత్రం ఒక్కదాంట్లోనూ లేదు. ఎప్పుడూ కెమెరా వెనకే ఉండే మనిషిని ఎవరు తీస్తారు? చిన్నప్పుడు ఆమె తన మొహం చూసుకుంటూ, ఇందులోంచి అమ్మని తీసేస్తే మిగిలేది నాన్నే కదా అని లెక్కలు వేసుకునేది, పిచ్చిది.

ఇప్పుడు అమ్మకి చూపు తగ్గిపోతోంది.

"కళ్ళు పూర్తిగా పోకముందే ఆయన వెళ్ళిన చోటు ఒక్కసారి చూపించవే" అంది.

అందుకే ఈ తిప్పలు.

మంచు తెరలు తెరలుగా కదులుతోంది. తొలగినప్పుడల్లా శిఖరం కనిపిస్తోంది. దాంతోపాటు ఆ కుర్రాడూ కనిపిస్తున్నాడు.

"మళ్ళీ వచ్చావా! ఇంత కొండ పెట్టుకుని, నిలబడ్డానికి నీకు నా ముందే దొరికిందా?"

అతను నవ్వాడు. పాతికేళ్ళుంటాయేమో.

"ఇక్కడయితే నువ్వు బాగా కనిపిస్తావు తల్లీ."

"తల్లీ ఏంటి? నీకంటే పదేళ్ళయినా పెద్దదాన్ని. అక్కా అను."

"అలాగేలే తల్లీ."

ఒళ్ళు మండింది ఆమెకి. చలికి తన నోట్లోంచి మాటకొక ఆవిరి వస్తోంది. అతని నోట్లోంచి రావడం లేదు. గమనించింది గానీ, ఈ మంచులో ఏం తెలుస్తుందిలే అనుకుంది.

నాలుగు, అయిదు, ఆరు... ప్రతిసారీ ఇదే వరస. జరగమంటే జరుగుతాడు. ఒకటి తీసి రీలు తిప్పి చూసేసరికి మళ్ళీ అక్కడే ఉంటాడు. అడుగుల చప్పుడు మాత్రం ఒక్కసారీ వినపడలేదు.

పదకొండోది తీశాక మంచు బాగా ముసురుకుంది. అద్దంలో కుడిపక్కన లోయ అంచు కనిపించింది. దానికి దూరంగా ఉందామని, తల ఎత్తకుండానే ఎడమవైపు జరగబోయింది.

"అటు కాదు! ఆ అద్దంలో కుడి ఎడమలు తారుమారు!"

ఆమె కాలు ఆగిపోయింది. బూటు కింద రాయి జారి లోయలోకి పోయింది. ఎంతసేపు విన్నా అది పడ్డ చప్పుడు రాలేదు.

ఇరవయ్యేళ్ళుగా ఈ కెమెరాతో తీస్తున్న మనిషికి ఆ సంగతి తెలియక కాదు. తల వంచుకుని నడిచేటప్పుడు కాళ్ళు అద్దం మాటే వింటాయి, అంతే.

"ఈ కెమెరా సంగతి నీకెలా తెలుసు?" అంది.

"తెలుసులే. ఇంకొకటి మిగిలింది కదా, నన్ను తియ్యి."

ఎన్ని తీసిందో ఆమె పైకి లెక్కపెట్టలేదు.

"నన్ను బతికించావు, కాదనను. కానీ ఇది అమ్మ కోసం తమ్ముడూ. నిన్ను ఇంకోసారి తీస్తాలే."

"ఇంకోసారి ఉండదు తల్లీ. ఒక్కటి. ఇంట్లో వాళ్ళు చూసుకుంటారు."

"అబ్బ, ప్రాణం తీయకు. జరుగు!"

అతను మొహం చిన్నబుచ్చుకుని జరిగాడు. అప్పుడే మంచు విడిపోయి శిఖరం నిండుగా కనిపించింది. నొక్కేసింది. తల ఎత్తేసరికి అతను లేడు. పిలిచింది. ఎవరూ పలకలేదు.

దిగేటప్పుడు చూస్తే తడి నేల మీద ఒక్క మనిషి అడుగులే ఉన్నాయి. అవి తనవే. ఇక వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేక గబగబా దిగిపోయింది.

ఇంటికొచ్చాక స్నానాలగది కిటికీకి దుప్పటి కట్టి ఫోటోలు కడిగింది. ఆరాక తెచ్చి అమ్మ ఒళ్ళో పెట్టింది. అమ్మ వరండాలో వెలుతురుకి కూర్చుని, భూతద్దంతో ఒక్కొక్కటే చూస్తోంది.

"పదకొండూ శుభ్రంగా వచ్చాయమ్మా. ఆ చివరిదాంట్లోనే పక్కన ఒక చెయ్యి పడింది. ఎవడో కుర్రాడు, కొండంతా తనదే అన్నట్టు అడ్డం నిలబడ్డాడు. తననీ ఒకటి తియ్యమని ఒకటే గొడవ."

"తీశావా?"

"నేనెందుకు తీస్తాను? అవతలికి పొమ్మన్నాను. ఇలా ఇవ్వు, ఆ ముక్క కత్తిరించేస్తాను."

కత్తెర తీసింది. అమ్మ ఫోటో ఇవ్వలేదు. భూతద్దం ఆ చేతి మీదే ఆగిపోయింది. ఊలు స్వెట్టరు, అంచున రెండు తెల్ల చారలు.

"అతని మొహం చూశావుటే?"

"చూడకేం, పొద్దంతా నా ఎదురుగానే ఉన్నాడు. ఏమ్మా, అంతలా ఏం చూస్తున్నావు?"

అమ్మ ఆ చారల మీద వేలితో రాసింది.

"రెండో చేతికి మూడుంటాయే. దీనికి మూడోది అల్లబోతుంటే నువ్వు కడుపులో తన్నడం మొదలెట్టావు, ఇక చాల్లెమ్మని మీ నాన్న అలాగే తొడుక్కుని కొండకి వెళ్ళిపోయారు."