ఛాతీ కొలత

"నిటారుగా నిలబడవే! ఇలా ముడుచుకుపోతే కొలత ఎలా వస్తుంది?" టేపు పట్టుకున్న టైలరమ్మ కూతురి మీద విసుక్కుంది.

పన్నెండేళ్ల పిల్ల భుజాలు ఇంకా ముందుకు వంచింది. "కొలతలొద్దు. గోనెసంచిలా కుట్టెయ్యమ్మా. ఏమీ కనబడకూడదు."

తల్లి టేపు వదిలేసి కత్తెర అందుకుంది. "ఎవడే? ఏమన్నాడు? చెప్పు, ఈ కత్తెరతోనే వాడి నాలుక కోసేస్తాను."

"నువ్వే అన్నావు." పిల్ల కళ్లు నిండాయి. "మొన్న బాబాయి వచ్చినప్పుడు. 'ఎదిగిన పిల్లవి, ఆ ఛాతీ విరుచుకుని నడవడమేంటి, సిగ్గులేదూ' అని."

కూతురి వయసులో తను తిన్న తిట్టే అది, తన అమ్మ నోట. కత్తెర బల్లమీద పెట్టేసింది.

ఎదురుగా అద్దంలో కూతురి భుజాల వెనక, అచ్చు అలాగే వంగిన తన భుజాలు కనబడ్డాయి.

ఆ వంపు మిషను తొక్కి తొక్కి వచ్చిందనే ఇన్నేళ్లూ అనుకుంది.