గులాబ్ బీ పెళ్లినాటి అత్తరు

మూడో అత్తరుకు కూడా గులాబ్ బీ మొహం తిప్పుకుంది.

జహూర్ ముద్ద పట్టుకున్న చేతిని వెనక్కి తీసుకున్నాడు. మెడకు రాసుకున్న అత్తరు వృథా అయింది. పళ్లెంలో పప్పన్నం చల్లారిపోయింది.

"ఆయన రాకముందు నేనెట్ల తింట? నువ్వెవరయ్యా, నువ్వు పో," అంది గులాబ్ బీ, కొంగు తల మీదికి లాక్కుంటూ.

ఆ మాట అన్నది నలభై అయిదేళ్లు కాపురం చేసిన మనిషితో. మతిమరుపు జబ్బు వచ్చి రెండేళ్లయింది. మొదట తాళంచెవులు మరిచింది. తర్వాత సొంత వీధి మరిచింది. నెల కింద జహూర్‌ను మరిచిపోయింది. భర్త తిన్నాకే తినాలన్న అలవాటు మాత్రం మరవలేదు. మరిచినా బాగుండేది.

నాలుగు రోజులుగా ఆమె కడుపులోకి వెళ్లింది చక్కెర నీళ్లే. అవి కూడా కూతురు ఆరిఫా బతిమాలి చెంచాతో పట్టినవి. శుక్రవారం దాకా చూద్దాం, అప్పటికీ తినకపోతే ముక్కులోంచి గొట్టం వేయాలి అన్నాడు దవాఖానా డాక్టరు. గొట్టం పీకేయకుండా చేతులు మంచానికి కడతారని ఆరిఫాకు ఎవరో చెప్పారు. ఆ రోజు మంగళవారం.

ఇల్లందులో జహూర్ అత్తరు పూసుకోని పెళ్లికొడుకు లేడు. బట్టీ పెట్టిన ఒక్కో కాపుకు రెండు తులాలకు మించి తీయడు. తీసింది ఏళ్ల తరబడి తోలు కుప్పెలో మాగనిస్తాడు. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందట. ఊరి పెళ్లిళ్లన్నిటికీ పరిమళం పంచినవాడికి, ఇంట్లో మనిషికి కావలసిన ఒక్క వాసన చిక్కడం లేదు.

మనుషులు మొహం మరిచినా వాసన మరవరని జహూర్ నమ్మకం. అందుకే గులాబ్ బీ పెళ్లినాటి అత్తరు మళ్లీ తీస్తున్నాడు. అప్పట్లో దాన్ని తీసింది జహూర్ వాళ్ల నాన్న. పెళ్లికి వారం ముందు నుంచీ బట్టీ కింద నిప్పు చూసింది జహూర్. సరుకు మరిచే ప్రశ్నే లేదు. గోరింట పూలు, వట్టివేళ్లు, భద్రాచలం అడవిలో ఏరిన ఇప్పపూలు, వాటి ఆవిరి పట్టడానికి గంధపు నూనె.

ఇప్పపూలు ఎప్పటిలాగే అడవి సరుకు అమ్మే పగిడయ్య బస్సులో తెచ్చిచ్చాడు. గంధపు నూనె నాన్న తోలు కుప్పెలో వదిలివెళ్లింది. నలభై ఏళ్లు మాగిన నూనె. మూడు కాపులకు చాలావరకు అయిపోయింది, ఇంకొక్క కాపుకు వస్తుంది.

"సరుకంత అదే గదా. మల్ల తక్కువైందేంది?" అన్నాడు పగిడయ్య, మూడో సీసా వాసన చూసి.

"ఆమెకు తెల్సింది సీసాల వాసన గాదు పగిడయ్యా. ఒంటి మీది వాసన," అన్నాడు జహూర్. అని, ఆగిపోయాడు.

బొగ్గు.

ఆ రోజుల్లో బొగ్గుబావిలో దిగే మనిషి ఎంత సబ్బు రుద్దుకున్నా ఒంటి నుంచి తడి బొగ్గు వాసన పోయేది కాదు. మీద అత్తరు పూస్తే రెండూ కలిసిపోయేవి. ఆ కలిసిన వాసనలోనే గులాబ్ బీ కాపురం మొదలుపెట్టింది. ఈ సంగతి నెల రోజులుగా జహూర్‌కు తట్టలేదు. తట్టలేదో, తట్టనివ్వలేదో.

బొగ్గు దంచి, మట్టితో కలిపి బిళ్లలు చేశాడు. పూలతో పాటు రాగి డేక్షాలో వేశాడు. మూత చుట్టూ మట్టి మెత్తి వెదురు గొట్టం బిగించాడు. రెండు రోజులు సన్నని సెగ. మంట పెరిగితే మాడు వాసన, తగ్గితే నీళ్ల వాసన. కాబట్టి లేవడానికి లేదు. అరవై ఆరేళ్ల నడుము పీకుతోంది. ఏడుపు కూడా వచ్చింది గానీ, కళ్లు మసకబారితే నిప్పు కనపడదని ఆపుకున్నాడు.

ఆరిఫా చాయ్ తెచ్చింది. "అబ్బాజాన్, అమ్మ నిన్ను గుర్తుపట్టకున్నా మాయె. నువ్వు గిట్ల పడిపోతే ఇద్దర్ని నేనెట్ల చూడాలె?"

"గుర్తుపట్టుడు అటుంచు బిడ్డా. బుక్కెడు తిననీ."

శుక్రవారం పొద్దున జహూర్ స్నానం చేసి, కొత్త అత్తరు మెడకు రాసుకున్నాడు. అమ్మితే ఎవరూ కొనని అత్తరు. పళ్లెం పట్టుకుని మంచం అంచున కూర్చున్నాడు. ముందు తానొక ముద్ద తిన్నాడు.

గులాబ్ బీ కళ్లు తెరవలేదు. ముక్కుపుటాలు కదిలాయి. మెల్లగా తల అతని భుజం మీద ఆనించింది. నోరు తెరిచింది.

ఒక ముద్ద. ఇంకొకటి. గడప దగ్గర ఆరిఫా చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది.

అయిదో ముద్దకు గులాబ్ బీ అతని చెంప తడిమి నవ్వింది. కొత్త పెళ్లికూతురి నవ్వు.

"ఇయ్యాల జల్దీ వచ్చినవేంది? డ్యూటీ గాలేదా?"

"అవ్, జల్దీనే ఇడిసిపెట్టిండ్రు," అన్నాడు పుట్టి బుద్ధెరిగి ఒక్కరోజూ బొగ్గుబావిలో దిగని జహూర్, ఆమెను మొదట పెళ్లాడి, రెండేళ్లకే కామెర్లతో పోయిన తన అన్న గొంతు తెచ్చుకుని.