ట్యూటర్ గారి డబ్బా

“వీడు ఆ స్టాటిస్టిక్స్ తప్పాడంటే టీమ్‌లో ఆడనివ్వరటండీ. ఆడనివ్వకపోతే స్కాలర్‌షిప్ తీసేస్తారేమో. తీసేస్తే అసలు చదువే మానేస్తానంటాడేమో!”

పప్పులో పోపు వేస్తూ ఒక్క ఊపిరిలో అనేసింది హైమ.

హరనాథ్ బూట్ల లేసులు కట్టుకుంటున్నాడు. “వాడింకా పరీక్షే రాయలేదు కదే.”

“అందుకే ఇప్పుడు భయపడుతున్నాను. రాశాక భయపడి ఏం లాభం?”

వాళ్ల ఒక్కగానొక్క కొడుకు అనూప్ అమెరికన్ ఫుట్‌బాల్‌లో కిక్కర్, అంటే గోల్ స్తంభాల మధ్యకి బంతిని తన్నేవాడు. నార్త్ కరోలినా కాలేజీలో రెండేళ్లు బెంచీ మీద కూర్చుని కూర్చుని, విసిగి, ఈ వేసవిలో టెక్సస్ కాలేజీకి మారాడు. వాళ్లుండే ఇర్వింగ్ నుంచి కారులో నాలుగు గంటలు. పిల్లాడు దగ్గరికొచ్చాడని హైమ సంబరపడేలోపే చిక్కొచ్చిపడింది. అక్కడ చదివిన సబ్జెక్టులు కొన్ని ఇక్కడ చెల్లవన్నారు. వేసవి క్లాసులో స్టాటిస్టిక్స్ పాసైతేనే మైదానంలోకి రానిస్తారు.

“మీరు లెక్కల మనిషే కదా. ఎలా చదువుతున్నావురా అని ఒక్కపూటైనా అడిగారా?”

“పొద్దస్తమానం ఇన్సూరెన్స్ ఆఫీసులో లెక్కలే. ఇంటికొచ్చాక కూడానా తల్లీ!” అంటూ కారు తాళాలు తీసుకుని లేక్ దగ్గరికి వాకింగ్‌కి వెళ్లిపోయాడు హరనాథ్.

హైమ కొడుక్కి ఫోన్ చేసింది. ఎత్తలేదు. సాయంత్రమైతే చాలు, వాడు ఫోన్ ఎత్తడు. చదువుకుంటున్నాడా? జ్వరమా? లేక ఎవరైనా అమ్మాయా? మూడోదే నిజమనిపించింది.

హరనాథ్ తిరిగొచ్చేసరికి చీకటి పడింది. బయట ఇంకా కుంపటిలా ఉంది. ఆయన చొక్కా మాత్రం ఇస్త్రీ మడత చెదరలేదు.

“చెమటైనా పట్టదేం మీకు? వేసవంతా నడుస్తూనే ఉన్నారు, ఆ పొట్ట ఇంచీ తగ్గలేదు.”

“నీ చేతి వంట మహిమ,” అన్నాడాయన కంచం ముందు కూర్చుంటూ.

మర్నాడు హైమ ధైర్యం చేసి కాలేజీకే ఫోన్ చేసింది. తెనాలిలో పదో తరగతితో ఆగిన చదువు ఆమెది. అడగవలసిన మాటలు ఇంగ్లీషులో నాలుగుసార్లు వల్లె వేసుకుని మరీ చేసింది.

“మీ అబ్బాయి మేజర్ కదా మేడమ్. తన పర్మిషన్ లేకుండా మార్కులు చెప్పలేం,” అంది అవతలి అమ్మాయి.

“నేను కన్నతల్లినమ్మా.”

“సంతోషం మేడమ్. కానీ తను పర్మిషన్ ఇచ్చినవాళ్లలో మీ పేరు లేదు.”

“మరి ఎవరి పేరుంది?”

“అది కూడా చెప్పకూడదు మేడమ్.”

ఆ సాయంత్రం హరనాథ్ మంచినీళ్లు తాగుతుండగా విషయం చెప్పింది. “మా బడిలో మార్కులు గోడకంటించేవారు. వీధి వీధంతా చదివేది. ఇక్కడ తల్లికే దాస్తారట! పైగా వాడి మార్కులు ఇంకెవరికో చెబుతున్నారు. నాకు తెలుసు, ఎవతో అమ్మాయి!”

హరనాథ్‌కి పొలమారింది. దగ్గీ దగ్గీ కళ్లనీళ్లు తుడుచుకుని, బూట్లు వేసుకుని వాకింగ్‌కి వెళ్లిపోయాడు.

ఆగస్టు చివర్లో ఓ రోజు అనూప్ ఫోన్ చేశాడు.

“అమ్మా, క్లియర్ అయ్యాను! సాటర్‌డే గేమ్‌లో ఆడుతున్నా.”

“పాసయ్యావా? నా మీద ఒట్టు?”

“బీ ప్లస్ అమ్మా. ఒట్టు.”

హైమ దేవుడి గూటికి దణ్ణం పెట్టి మళ్లీ ఫోన్ అందుకుంది. “నీకెవర్రా చెప్పింది పాఠం?”

“ఒక ట్యూటర్. రోజూ ఈవెనింగ్ వీడియోలో చెప్తాడు.”

“చెప్తాడు కాదురా, చెప్తారు అనాలి. తిట్టేవారా?”

“కొంచెం.”

“తిట్టాలి. అలాంటివాళ్లుంటేనే బాగుపడతారు.”

శుక్రవారం సున్నుండలు చేసి రెండు డబ్బాల్లో సర్దింది. ఒకటి కొడుక్కి. రెండోది పెద్దది. నెయ్యి కూడా దాంట్లోనే ఎక్కువ పడింది. హరనాథ్ అందులోకి చెయ్యి పెట్టబోతే ఆ చేతి మీద ఒక్కటేసింది.

“అది ట్యూటర్ గారిది! ముట్టుకోకండి. ముక్కూ మొహం తెలియని మనిషి పిల్లాడికి అంత చేశాడు. కన్నతండ్రి మీరేం చేశారు? వాకింగ్!”

ఆయన చెయ్యి రుద్దుకుంటూ నవ్వి ఊరుకున్నాడు.

శనివారం స్టేడియంలో కొడుకు బంతిని తన్నే వేళకి హైమ కళ్లు గట్టిగా మూసుకుంది. జనం హోరుమన్నాకే తెరిచింది. బంతి రెండు స్తంభాల మధ్య నుంచి దూసుకుపోయిందట. “కాలికేం దెబ్బ తగల్లేదు కదండీ?” అని మాత్రం అడిగింది.

ఆట ముగిశాక పార్కింగ్‌లో, కారు డిక్కీ మీద పులిహోర పెట్టుకుని ముగ్గురూ తిన్నారు. అనూప్ చెమటతో తడిసి ముద్దయి, పదేళ్ల పిల్లాడిలా వెలిగిపోతున్నాడు.

“మార్కులు చూడ్డానికి నా పేరెందుకివ్వలేదురా?”

“నీకు తెలిస్తే నిద్రపోవు కదా అమ్మా. ఫస్ట్ రెండు టెస్టులు ఫెయిల్ అయ్యాను.”

హైమ గుండె మీద చెయ్యేసుకుంది. ఎప్పుడో గడిచిపోయిన ఆ రెండు పరీక్షలకీ ఇప్పుడు తీరిగ్గా భయపడింది. తర్వాత నిదానించి పెద్ద డబ్బా చేతిలోకి తీసుకుంది.

“సరే, అయిందేదో అయింది. పద, ఆ ట్యూటర్ గారి ఇంటికి తీసుకెళ్లు. ఇది నా చేత్తో ఇచ్చి దణ్ణం పెట్టుకుని వస్తాను.”

అనూప్ చేతిలో పులిహోరకేసి చూశాడు. తర్వాత తండ్రికేసి చూశాడు. పక్క కార్లు ఒక్కొక్కటే కదిలిపోతున్నాయి.

“చెప్పవేం? మనిషికి పేరూ ఊరూ లేవా?”

ఇంకో కారు వెళ్లిపోయింది. ఇంకొకటి.

“ఆ డబ్బా ఇలా ఇవ్వు,” అన్నాడు హరనాథ్.