రెండు డాల్డా డబ్బాలు

“ఊపిరి ఆడుతాందా లేదా సార్? అదొక్కటి చెప్పండి.”

ఆదోని ఆసుపత్రి వరండాలో హనుమమ్మ డాక్టరుకు అడ్డంగా నిలబడింది. డాక్టరు ఆమె మొహంలోకి చూడలేదు. ఆమె మొగుడు సుంకన్న కడుపులోకి పోయింది పత్తి చేలో చల్లే పురుగుల పొడి అనీ, తన దగ్గరున్న సూదిమందు అంతా అయిపోయిందనీ, ఇక చేసేదేమీ లేదనీ తల వంచుకొని చెప్పి, లోపలికి వెళ్ళిపోయాడు.

పొద్దున జిన్నింగు మిల్లు కూత పడుతుందని గబగబా నాలుగు బుక్కల బొరుగుల ఉగ్గాని తిని లేచిన మనిషి. మిల్లు గేటు దాకా కూడా పోలేదు.

హనుమమ్మ అరిచి అరిచి కూలబడింది. గోడవార కూర్చున్న అత్త వెంకటేశ్వరమ్మ మాత్రం ఏడవలేదు. కొంగు చివరను వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ, మళ్ళీ చుట్టుకుంటూ ఉంది.

హెడ్డు కానిస్టేబులు మాదన్న వచ్చి, ఉగ్గాని ఎవరు చేసినారని అడిగాడు.

“నేనే సామీ,” అంది ముసలామె. “పుట్నాల పొడి అనుకొని అది కలిపినా. నా కొడుకును నేనే సంపుకున్నా. నన్ను తీసుకపో.”

“తినే పొడి పక్కన సంపే పొడి పెట్టుకుంటారా యాడన్నా?”

“మా యింట్లో పెట్టుకుంటారు సార్,” హనుమమ్మ గొంతు కీచుగా లేచింది. “ఖాళీ డబ్బా కనపడితే సాలు, మా యత్తకు కండ్లు మెరుస్తాయి. సేన్లోకి తెచ్చిన ఇసం పొట్లం సినిగితే దాన్నీ డాల్డా డబ్బాలోనే పోసింది.”

అందులో అబద్ధమేమీ లేదు. ఎమ్మిగనూరు నుంచి కాపురానికి వచ్చిన రోజే హనుమమ్మకు ఆ ఇల్లు చూసి గుండె జారింది. అటక నిండా డబ్బాలు. చిరిగిన చీరలన్నీ పేలికలై ఇల్లంతా పాకి ఉన్నాయి. దీపంలో వత్తి పేలిక, చాప అంచుకు పేలిక, తలుపు సందులో పేలిక, డబ్బాకు చుట్టిన ముడి పేలిక. ఏది ఎందుకుందో అడిగే ఓపిక కూడా ఆమెకు లేకపోయింది.

అత్తకు డబ్బా అంటే దేవుడు. గంజి కరువు నాడు మొగుడు పోయి, చంకలో పసివాడు సుంకన్నతో గంజి పోసే చోటికి పోతే, చేతిలో గిన్నె లేదని వరసలోంచి తోసేశారట. ఎవరో పారేసిన తుప్పు డబ్బాను చొక్కంగా కడుక్కొని మళ్ళీ పోయి నిలబడింది. “ఆ డబ్బా లేకుంటే నీకు మొగుడే లేడే పిల్లా,” అని కోడలిని దెప్పని పండగ లేదు.

హనుమమ్మకు పేలిక అంటే చితి. పుట్టింట్లో మగ్గం గుంత పక్కన కూరిపెట్టిన పాత గుడ్డలకు బుడ్డి దీపం అంటుకొని, వాళ్ళమ్మ ఆమె కళ్ళముందే కాలిపోయింది. అప్పటి నుంచి గుడ్డముక్క మూలన కనబడితే ఆమెకు ముక్కులో పొగ వాసన.

నిన్న అత్త ఆలూరులో చుట్టాలను చూడబోయిన పూట ఆమె తెగించింది. ఉగాది వస్తోందని ఇల్లు దులిపి, కనబడిన పేలికనల్లా పెరట్లో కుప్పేసి కాల్చేసింది. డబ్బాలను కూడా పాత సామాన్ల బండికి వేసేదే. సుంకన్న అడ్డం పడ్డాడు.

“మా యమ్మ పానం పోతాదే. తోమి పెట్టుకో, నీకూ బాగుంటాది.”

లోపలి పొడులను కదిలించకుండా, చింతపండు, బూడిద వేసి పైపైన తళతళలాడేలా తోమి, అటక మీద వరసగా పేర్చింది. సాయంత్రం అత్త వచ్చి, “వత్తి గుడ్డ కనపడదే, యాడ పెట్టినావు?” అంటే, ఉతకనేసినానని అబద్ధమాడి తప్పించుకుంది. నిన్న మొగుడి మాట వినకుండా ఆ డబ్బాలను కూడా పారేసి ఉంటే. అదే తలచుకొని ఇప్పుడు నేలకేసి తల కొట్టుకుంటోంది.

మాదన్న తెమ్మన్న రెండు డబ్బాలను పక్కింటి వహీదా బీ కొంగులో మూటగట్టుకొని తెచ్చింది. అతడు రెండు మూతలూ తీశాడు. డబ్బాలు కవల పిల్లల్లా ఉన్నాయి. లోపలి పొడులు మాత్రం వేరు. విషం తెలుపు, పుట్నాలది పసుపు.

“ఇంత తేడా కనపడలేదా ముసల్దానా? కావాలనే కలిపినావా?”

వెంకటేశ్వరమ్మ తీసుకపొమ్మన్నట్టు రెండు చేతులూ ముందుకు చాపింది.

“తీసుకపోండి సార్,” అంది హనుమమ్మ. “ఆమె మొగం నాకు సూపించొద్దండి.”

ముసలామె లేవబోయి గోడ కోసం గాలిలో తడిమింది. అది చూసి వహీదా బీ ఇక ఆగలేకపోయింది.

“ఆమెకు కనపడదు సార్. రెండేండ్ల నుంచి కండ్లల్లో పొరలు. కొడుకుకు తెలిస్తే పొయ్యికాడికి రానియ్యడని నాతో ఒట్టేయించుకున్నాది.”

“నోరు మూసుకోవే వహీదా,” అంది వెంకటేశ్వరమ్మ.

“మూసుకోను అవ్వా. నిన్ను జైలుకు పంపి నేను ఇంటికి పోయి అన్నం తినాల్నా?”

మాదన్నకు నమ్మకం కుదరలేదు. కళ్ళు లేని మనిషి రెండేళ్ళు ఇంత విషం ఇంట్లో పెట్టుకొని ఎట్లా వండిందని అడిగాడు.

“ఇసం డబ్బాకు పేలిక ముడేసుకుంటాది సార్. సేతికి ముడి తగిలితే ముట్టదు. తగలకుంటే తినేది.”

మాదన్న తెల్ల పొడి ఉన్న డబ్బాను చేతిలో ఒక చుట్టు తిప్పాడు. తళతళ తప్ప దాని మీద ఇంకేమీ లేదు.

“మరి దీని ముడి ఎవరు ఇప్పినారు?”

వెంకటేశ్వరమ్మ చేయి నేల మీద పాకుతూ వచ్చి కోడలి మణికట్టును గట్టిగా పట్టుకుంది.

“ఎలుక కొరికింటాది సామీ. ఎలుకే. అట్లే రాసుకో.”

హనుమమ్మ ఆ వేళ్ళను ఒక్కొక్కటిగా విడిపించుకొని లేచి నిలబడింది.

“ఆ ఎలుక పేరు హనుమమ్మ, సార్.”